సింబా తప్పేం లేదు!

చిన్నప్పుడు ఎంతో ఇష్టంగా చూసిన బొమ్మల సినిమా. ఇప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూస్తుంటే గొంతు పూడుకుపోతుంది. పాటలూ అల్లరీ గుర్తున్నాయి గానీ, అందులో తండ్రిని పోగొట్టుకున్న ఓ పసివాడి వేదన ఉందని అప్పట్లో మనకు తట్టలేదు. ‘ద లయన్‌ కింగ్‌’ను పెద్దయ్యాక మరోసారి చూస్తే, మన ఇళ్లలో పిల్లలు పైకి చెప్పుకోని దుఃఖం గురించి ఎన్నో సంగతులు తెలుస్తాయి.

మీకిప్పుడు ముప్పై అయిదు, నలభై ఏళ్లుంటే ‘ద లయన్‌ కింగ్‌’ పేరు వినే ఉంటారు. 1994లో వచ్చిన ఆ సినిమాను థియేటర్లో కాకపోయినా, క్యాసెట్‌ అద్దెకు తెచ్చుకునో, వేసవి సెలవుల్లో కేబుల్‌ టీవీలోనో చూసి ఉంటారు. ఇంగ్లిష్‌ మాటలు సగం అర్థం కాకపోయినా కథ మాత్రం అర్థమైపోయింది. మీ పిల్లలకైతే 2019లో కంప్యూటర్‌ గ్రాఫిక్స్‌తో మళ్లీ తీసిన సినిమా తెలిసి ఉంటుంది. దాని తెలుగు డబ్బింగ్‌లో సింబాకు నాని, ముఫాసాకు రవిశంకర్‌ గొంతిచ్చారు. 2024లో వచ్చిన ‘ముఫాసా’కు మహేశ్‌బాబు డబ్బింగ్‌ చెప్పారు.

పాత సినిమాను ఇప్పుడు మళ్లీ చూసినవాళ్లు చాలామంది ఒకే మాటంటారు. ‘చిన్నప్పుడు ఇంత బాధగా అనిపించలేదే!’ అని. సినిమా అదే, బొమ్మలూ అవే. మరి ఈ కన్నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

అప్పుడు సింబా... ఇప్పుడు ముఫాసా

చిన్నప్పుడు మీరు ఈ కథను సింబా పక్కన నిలబడి చూశారు. నాన్న వద్దన్న చోటికి వెళ్లడం, హైనాలకు చిక్కడం, తిట్లు తినడం... అన్నీ మీకూ తెలిసిన సంగతులే. ఇప్పుడు ఏనుగుల శ్మశానం సన్నివేశం మరోసారి చూడండి. కొడుకును కాపాడి తీసుకొచ్చిన ముఫాసా మిగతావాళ్లను పంపించేసి, సింబాతో ఒంటరిగా మాట్లాడతాడు. నిన్నెక్కడ పోగొట్టుకుంటానోనని భయమేసిందని ఒప్పుకుంటాడు. రాజులకూ భయం ఉంటుందా అని పిల్లాడు ఆశ్చర్యపోతాడు. చిన్నప్పుడు మనకు అక్కడ ‘హమ్మయ్య, తిట్లు అయిపోయాయి’ అనిపించి ఉంటుంది. ఇప్పుడు మాత్రం రాత్రి తొమ్మిదైనా ట్యూషన్‌ నుంచి రాని పిల్ల కోసం గేటు దగ్గర నిలబడిన మన భయమే కనిపిస్తుంది.

ఇందులో కొంత మెదడు ఎదుగుదల ఉంది. అవతలివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించడానికి, భావాలను అదుపు చేసుకోవడానికి తోడ్పడే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. కొంత అనుభవం. ఇన్నేళ్లలో మనమూ ఎవరో ఒకరిని సాగనంపాం. ఆనాడు పక్కన కూర్చుని సినిమా చూసిన తాతయ్యో, అమ్మో ఈ రోజు లేకపోవచ్చు.

ఇలాంటి పాత జ్ఞాపకాలు మంచివేనా అని కొందరు అడుగుతుంటారు. 1688లో యోహానెస్‌ హోఫర్‌ అనే వైద్య విద్యార్థి ‘నోస్టాల్జియా’ అన్న పదాన్ని పుట్టించినప్పుడు దాన్ని ఒక జబ్బుగానే రాశాడు. సొంతూరికి దూరమైనవాళ్లు చిక్కిపోవడానికి ఆ తలపోతే కారణమన్నాడు. మనవాళ్లు ‘బెంగతో జ్వరమొచ్చింది’ అంటారే, అలాంటిదన్నమాట. ఇప్పుడు వైద్యులు దాన్ని జబ్బుగా చూడటం లేదు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిమీద ఏళ్లుగా అధ్యయనాలు చేస్తున్నారు. పాత జ్ఞాపకాలు ఒంటరితనాన్ని తగ్గించి, ‘నాకంటూ మనుషులున్నారు’ అన్న భరోసా ఇస్తాయని వాటిలో తేలింది. కాబట్టి బొమ్మల సినిమా చూస్తూ కళ్లు తుడుచుకుంటే సిగ్గుపడాల్సిన పనేం లేదు.

పిల్లల సినిమాల్లో ఇన్ని చావులా?

2014లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో ఓ ఆసక్తికరమైన అధ్యయనం వచ్చింది. 1937 నాటి ‘స్నోవైట్‌’ నుంచి 2013 నాటి ‘ఫ్రోజెన్‌’ వరకు బాగా ఆడిన 45 పిల్లల యానిమేషన్‌ సినిమాలను, పెద్దల సినిమాలతో పోల్చి చూశారు. ముఖ్య పాత్రలు చనిపోయే ముప్పు పిల్లల సినిమాల్లోనే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. తల్లిదండ్రుల పాత్రల విషయంలో అది ఇంకా ఎక్కువ. 1942లో వచ్చిన ‘బాంబి’లో జింకపిల్ల తల్లి వేటగాడి తూటాకు బలైన దగ్గర్నుంచి ఇది సాగుతూనే ఉంది.

‘ద లయన్‌ కింగ్‌’కు నేపథ్య సంగీతం కూర్చిన హాన్స్‌ జిమ్మర్‌ ఆరేళ్ల వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఈ సినిమాకు పనిచేస్తున్నప్పుడు ఆ పాత దుఃఖం మళ్లీ ఎదురైందని ఆయనే చెప్పారు. ఆ సంగీతానికి ఆస్కార్‌ వచ్చింది. లోయలో తండ్రి పంజా కిందికి దూరి పడుకున్న సింబాను చూస్తూ మనం కదిలిపోవడంలో, ఆ ఆరేళ్ల పిల్లాడి వంతు కూడా ఉండే ఉంటుంది.

అంటే సినిమాలు పిల్లలకు చావును చూపిస్తూనే ఉన్నాయి. ఇంట్లో మనమే ఆ మాట ఎత్తం. అసలు చిక్కు అక్కడుంది.

స్కార్‌ అన్న మాటలు

ఈ సినిమాలో అతి క్రూరమైన సన్నివేశం ఏదంటే చాలామంది ముఫాసాను కొండ మీంచి తోసేయడమే అంటారు. వైద్యుడిగా నాకు మాత్రం ఆ తర్వాతి నిమిషమే ఎక్కువ క్రూరంగా అనిపిస్తుంది. ఏడుస్తున్న పిల్లాడి దగ్గరికి పినతండ్రి స్కార్‌ వస్తాడు. ఇదంతా నీవల్లే జరిగింది, నువ్వు లేకపోతే ఆయన బతికే ఉండేవాడు, మీ అమ్మ ఏమనుకుంటుంది అంటాడు. పారిపో, మళ్లీ రావద్దు అంటాడు. సింబా ఎదురు అడగడు. వెంటనే నమ్మేస్తాడు.

ఎందుకు నమ్మాడు? ఆ వయసు అలాంటిది. నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లల ఆలోచనలో ప్రపంచమంతా తమ చుట్టూనే తిరుగుతుంది. తాము కోపంగా అనుకున్న మాట, చేసిన అల్లరి నిజంగానే కీడు చేస్తుందని నమ్ముతారు. ‘నాన్న మీద కోపమొచ్చి వెళ్లిపో అనుకున్నాను. నాన్న నిజంగానే వెళ్లిపోయాడు’ అని వాళ్లు జోడించుకుంటారు. ఎవరూ నిందించకపోయినా పిల్లలు తమకు తామే స్కార్‌ అవుతారు. అలాంటప్పుడు పక్కనున్న పెద్దలు కూడా ఒక మాట అంటే ఇక చెప్పేదేముంది?

మన ఇళ్లలో ఆ మాటలకు కొదవ లేదు. ‘పుట్టగానే తండ్రిని మింగాడు’, ‘నష్టజాతకురాలు’, ‘నీ అల్లరితోనే మీ నాన్నకు బీపీ పెరిగింది’. ఏడుపుల మధ్య ఎవరో ఒక బంధువు అనేసి మర్చిపోతారు. ఆ పిల్ల మర్చిపోదు. ఇవి అనని ఇళ్లలో కూడా ‘నన్ను చంపుకు తింటున్నావు’, ‘నీ వల్ల నా ప్రాణం పోతోంది’ అన్నవి రోజూ వినిపిస్తాయి. విసుగులో అన్న మాటేనని మనకు తెలుసు. కానీ ఆ మాట అన్న మనిషికి రేపు ఏదైనా జరిగితే, ఆ పిల్లాడి లెక్క ఎలా ఉంటుందో ఆలోచించండి.

మా ఆసుపత్రికి ముప్పై ఏళ్లు దాటిన ఒకాయన ఛాతీనొప్పితో వచ్చాడు. ఈసీజీ, రక్తపరీక్ష, ఎకో అన్నీ మామూలుగా ఉన్నాయి. ఏడాది క్రితం కూడా అదే నెలలో, అదే నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్లాడట. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడిగితే, తన తొమ్మిదో ఏట నాన్న గుండెపోటుతో పోయాడన్నాడు. తద్దినం దగ్గర పడుతోందనీ చెప్పాడు. కాసేపాగి, ‘ఆ రోజు పొద్దున సైకిల్‌ కొనిపెట్టమని గొడవ చేశానండీ. నన్ను కొట్టి, అదే కోపంతో డ్యూటీకి వెళ్లారు’ అన్నాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంగతి అమ్మతో గానీ భార్యతో గానీ అనలేదు.

మా వృత్తిలో అతనికి చెప్పగలిగింది ఒకటుంది. గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకుని పూడిక ఏర్పడటానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. పొగతాగడం, షుగర్‌, బీపీ, కొలెస్ట్రాల్‌ దాన్ని పెంచుతాయి. సైకిల్‌ కోసం పిల్లాడు ఏడ్చినందుకు ఎవరి రక్తనాళమూ పూడుకుపోదు. అదంతా బొమ్మ గీసి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. మానసిక వైద్యుల దగ్గరికి పంపాను. ఒక్క మాటతో ఇరవై ఏళ్ల బరువు దిగిపోతుందని అనను. కానీ తొమ్మిదేళ్లప్పుడే ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది కదా అనిపించింది.

‘హకూనా మటాటా’ మందేనా?

ఇంటి నుంచి పారిపోయిన సింబాను టిమోన్‌, పుంబా కాపాడతారు. ‘హకూనా మటాటా’ అని నేర్పిస్తారు. స్వాహిలీ భాషలో దానర్థం ‘చింతలేమీ లేవు’ అని. చిన్నప్పుడు మనందరికీ అది ఆట పాట. పెద్దయ్యాక చూస్తే రెండు సంగతులు కనిపిస్తాయి. ఆ ఇద్దరూ లేకపోతే సింబా ఎడారిలోనే పోయేవాడు. తిండి, నిద్ర, నవ్వు, తోడు... దుఃఖంలో ఉన్న పిల్లలకు ముందు కావాల్సినవి ఇవే. అయితే వాళ్లు అతణ్ని ఏం జరిగిందని లోతుగా అడగరు. గతాన్ని వెనక్కి నెట్టేయమంటారు.

దాని ఫలితం ఓ చిన్న సన్నివేశంలో కనిపిస్తుంది. ముగ్గురూ వెల్లకిలా పడుకుని నక్షత్రాలను చూస్తుంటారు. అవేమిటన్న మాట వస్తుంది. గతించిన రాజులు అక్కణ్నుంచి మనల్ని చూస్తుంటారని ఎవరో చెప్పారంటాడు సింబా. స్నేహితులు పగలబడి నవ్వుతారు. తనూ నవ్వి, మెల్లగా లేచి అక్కణ్నుంచి వెళ్లిపోతాడు. చెప్పింది ‘ఎవరో’ కాదు, వాళ్ల నాన్నే. ఆ ముక్క కూడా అనలేకపోయాడు. చిన్నప్పుడు మనమూ ఆ ఇద్దరితో కలిసి నవ్వే ఉంటాం.

చివరికి ముసలి రఫీకీ చేసిందేమిటి? కర్రతో నెత్తిన ఒక్కటిస్తాడు. జరిగిపోయిందిగా అంటాడు. అయినా నొప్పి ఉందంటాడు సింబా. అవును, గతం నొప్పి పెడుతుందని రఫీకీ ఒప్పుకుంటాడు. దాన్నుంచి పారిపోవచ్చు, లేదంటే నేర్చుకోవచ్చు అంటాడు. నొప్పిని కాదనకుండా దానికి ఎదురు నిలబడేలా చేయడమే మానసిక వైద్యులు చేసే పని కూడా. కర్ర ఒక్కటే తేడా!

‘ఊరెళ్లారు’ అని చెప్పకండి

ఇంట్లో ఎవరైనా పోగానే మనం మొదట చేసే పని పిల్లల్ని పక్కింటికో, మేనమామ ఇంటికో పంపేయడం. తిరిగొచ్చేసరికి హాల్లో దండ వేసిన ఫొటో ఉంటుంది. అడిగితే ‘ఊరెళ్లారు’, ‘నిద్రపోయారు’, ‘దేవుడు తీసుకెళ్లాడు’ అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు. ఊరెళ్లినవాళ్లు తిరిగి రావాలి కాబట్టి ఎదురుచూస్తారు. నిద్రపోతే చనిపోతామని పడుకోవడానికి భయపడతారు. దేవుడు అమ్మనూ తీసుకెళ్తాడేమోనని కొంగు వదలరు.

వయసును బట్టి వాళ్లకు ఏం అర్థమవుతుందో తెలిస్తే ఎలా చెప్పాలో మనకూ తెలుస్తుంది.

• అయిదేళ్లలోపు: చావు అంటే తిరిగి రాకపోవడమని తెలియదు. ‘తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక శ్వాస తీసుకోరు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు. మళ్లీ రారు’ అని చిన్న మాటల్లో చెప్పాలి. రేపు మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పాలి.

• అయిదు నుంచి తొమ్మిదేళ్లు: తిరిగి రారని మెల్లగా అర్థమవుతుంది. తప్పు తమదేనన్న భావన ఎక్కువగా వేధించేది ఈ వయసులోనే. జబ్బు పేరు చెప్పండి. ‘నువ్వు చేసిన దాని వల్ల గానీ, అన్న దాని వల్ల గానీ, అనుకున్న దాని వల్ల గానీ ఇలా జరగలేదు’ అని అడగకముందే చెప్పండి.

• పదేళ్లు దాటాక: పెద్దవాళ్లలాగే అర్థమవుతుంది. కానీ పైకి చెప్పరు. ‘ఇక ఇంటికి పెద్దవాడివి నువ్వే, నువ్వే ఏడిస్తే అమ్మనెవరు చూస్తారు’ లాంటి మాటలు వద్దు. వాళ్లకూ ఏడ్చే హక్కుంది.

‘నక్షత్రమైపోయారు’ అనొచ్చా అని మీకు సందేహం రావచ్చు. ముఫాసా కూడా అదే చెప్పాడు కదా! అయితే ఆయన అది బతికుండగా, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. అంతకుముందే, మనం చనిపోయాక గడ్డిగా మారతామని, ఆ గడ్డిని జింకలు మేస్తాయని కూడా చెప్పాడు. అంటే నిజం ముందు, నమ్మకం ఆ తర్వాత. మీ ఇంటి నమ్మకం ఏదైనా ఈ వరస పాటిస్తే చాలు.

అంత్యక్రియల దగ్గర పిల్లలు ఉండాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి. అక్కడ ఏం కనిపిస్తుందో, అందరూ ఎందుకు ఏడుస్తారో ముందే చెప్పండి. దగ్గరివాళ్లు ఒకరు వాళ్ల పక్కనే ఉండాలి. వద్దంటే బలవంతం చేయొద్దు. పెద్దకర్మ నాడు ఫొటోకు పూలు పెట్టడం, తాతయ్యకు ఇష్టమైన వంటకం వడ్డించడం లాంటి చిన్న పనులు వాళ్లకు అప్పగించొచ్చు.

ఆడుకుంటున్నాడంటే మర్చిపోయినట్టా?

‘చూడండి, వాడికేం తెలియడం లేదు, హాయిగా ఆడుకుంటున్నాడు’ అంటుంటారు. పిల్లల దుఃఖం వానాకాలపు ఎండలా వస్తూ పోతూ ఉంటుంది. పది నిమిషాలు ఏడుస్తారు, మరుక్షణం క్రికెట్‌కు పరుగెడతారు. ఎక్కువసేపు బాధను మోయలేరు కాబట్టి ఆటలోకి వెళ్లి సేదతీరి వస్తారు. ఇంకొందరిలో దుఃఖం శరీరం ద్వారా బయటపడుతుంది. కడుపునొప్పి, తలనొప్పి, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, స్కూలుకు వెళ్లనని మొండికేయడం, మార్కులు తగ్గడం, ఊరికే కోపం రావడం. స్కాన్‌లో ఏమీ కనిపించని కడుపునొప్పి అబద్ధం కాదు. దాని మూలం వేరే చోట ఉందంతే.

కొన్ని వారాల్లో ఇవి మెల్లగా తగ్గాలి. ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా, అంతకుముందే తిండీ నిద్రా చదువూ పూర్తిగా దెబ్బతిన్నా పిల్లల మానసిక వైద్యులను కలవండి. ‘నేనూ నాన్న దగ్గరికి వెళ్లిపోతాను’ అన్నా, తనను తాను గాయపరచుకున్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్‌ టెలీ మానస్‌ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

కలిసి చూడండిలా...

• ఇంట్లో అందరూ బాగున్నప్పుడే చూడండి. చావు గురించి మాట్లాడటానికి మంచి సమయం ఎవరూ చనిపోని రోజే. ఇటీవలే ఎవరైనా పోయి ఉంటే, పిల్లలు అడిగితే తప్ప ఇప్పుడే వద్దు.

• 1994 నాటి సినిమా ఎంచుకోండి. కొత్తదాంట్లో సింహాలు అచ్చం నిజమైనవాటిలా ఉంటాయి. చేత్తో గీసిన పాతదాంట్లో ముఖాల్లో భావాలు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లలు చదువుకోగలిగేవి ఆ ముఖాలే.

• అయిదారేళ్లలోపు పిల్లలకు హైనాలు, తొక్కిసలాట భయం కలిగిస్తాయి. ఒంటరిగా చూడనివ్వకండి. భయపడితే ఆపేయండి.

• ముఫాసా చనిపోయే సన్నివేశం వద్ద రిమోట్‌ పట్టుకుని ముందుకు జరపకండి. మీకు ఏడుపొస్తే దాచుకోకండి. అమ్మ ఎందుకు ఏడుస్తోందని అడుగుతారు. చెప్పండి.

• సినిమా అయ్యాక నీతిపాఠం వద్దు. ఒకే ఒక్క ప్రశ్న చాలు. ‘సింబా తప్పేమైనా ఉందంటావా?’ అని అడిగి, జవాబు చివరిదాకా వినండి.

ఈ సినిమాలో మీరు మరోసారి గమనించాల్సిన పాత్ర ఇంకొకటుంది. సింబా తల్లి సరాబీ. ‘అమ్మ ఏమనుకుంటుందో’ అన్న భయంతో పిల్లాడు ఏళ్లపాటు ఇంటికి రాలేదు. ఆమె మాత్రం కొడుకు కూడా చనిపోయాడనుకుని ఆ ఏళ్లన్నీ గడిపింది. నీ తప్పేం లేదని చెప్పడానికి సిద్ధంగా ఉన్న తల్లి ఇంట్లోనే ఉంది. పిల్లాడికి ఆ సంగతి తెలియలేదు. మన పిల్లలు అంత దూరం పారిపోరు. పక్క గదిలోనే ఉంటారు. వాళ్లకు ఆ మాట ఈ రోజే చెప్పొచ్చు.